కాన్సెప్ట్ డ్రిఫ్ట్ మీద పీహెచ్‌డీకి కొత్త అల్గారిదమ్ తప్పనిసరా?

కాన్సెప్ట్ డ్రిఫ్ట్, అంటే కాలంతో పాటు తీరు మారే డేటా మీద పని చేయమని మీ గైడు అన్నారని చెప్పి, కొత్త అల్గారిదమ్ కనిపెట్టకుండా థీసిస్ నిలబడుతుందా అని మీరు అడిగారు. నిలబడుతుంది. గాలి నాణ్యత రీడింగులతో ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేసినవాడిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఈ రంగంలో అల్గారిదమ్‌లకు కరువు లేదు. డేటాలో మార్పును పసిగట్టే అడ్విన్ అనే పద్ధతిని బిఫెట్, గవాల్డా అనే పరిశోధకులు 2007లోనే ఇచ్చారు. ఆ తరువాత వచ్చినవాటికి లెక్కే లేదు. కొరతంతా డేటాను దగ్గరగా చూసేవాళ్లకే.

పేపర్లలో తరచూ కనిపించే ఎలెక్2 డేటానే తీసుకోండి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విద్యుత్ మార్కెట్‌లో 1996 మే నుంచి 1998 డిసెంబరు దాకా అరగంటకొకటి చొప్పున నమోదైన 45,312 వరుసలవి. కరెంటు ధర గడిచిన 24 గంటల సగటుకు పైన ఉందా, కింద ఉందా అన్నది చెప్పాలి. కొత్త పద్ధతి పెట్టిన ప్రతివారూ దీని మీద పరీక్షించి మంచి శాతాలు చూపించేవారు. 2013లో ఇంద్రే జ్లియోబైటే అనే పరిశోధకురాలు చిన్న లెక్క వేశారు. మోడల్ అనేదే లేకుండా, కిందటి అరగంట జవాబునే మళ్లీ చెప్పేస్తే సుమారు 85 శాతం సరిపోతోంది! ధర ఒకసారి సగటు దాటితే కాసేపు అక్కడే ఉంటుంది మరి. అలాంటి డేటాలో అయినదానికీ కానిదానికీ 'మార్పు వచ్చింది' అని పాతదంతా పారేసే డిటెక్టర్ (మార్పును పసిగట్టే పద్ధతి) కూడా తెలివైనదిగానే కనిపిస్తుంది, దానికి మిగిలేవి తాజా జవాబులే కాబట్టి. మీ ఫలితాల పట్టికలో మొదటి వరుస ఈ 'కిందటి జవాబే' పద్ధతికి కేటాయించండి. దాన్ని దాటలేని మోడల్‌కు ఎంత గణితం తొడిగినా నా దృష్టిలో దండగ.

ఇక గజిబిజి డేటా సంగతి. నా దగ్గరున్న ఒక కేంద్రం రీడింగుల్లో పీఎం2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) విలువ రాత్రంతా ఒకే అంకె, దశాంశాలతో సహా. గాలి అంత నిలకడగా ఉండదు, పరికరమే మొరాయించింది. ఇంకో కేంద్రంలో ఒక మధ్యాహ్నం నుంచి విలువలన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి. డిటెక్టర్ దాన్ని చక్కగా పట్టుకుంది. నిర్వహణ చూసే టెక్నీషియన్‌కు ఫోను చేస్తే, "ఆ రోజే కాలిబ్రేషన్ చేశామండీ" అన్నారు, అంటే పరికరం కొలతను సరిదిద్దారన్నమాట. మారింది గాలి కాదు, కొలత. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక వచ్చింది మాత్రం నిజమైన మార్పు. ఈ రెండూ గ్రాఫులో ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూపగలిగితే అదే ఒక అధ్యాయం.

దీపావళి మరో తమాషా. అది 2021లో నవంబరు 4న, 2022లో అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న వచ్చింది. ఇంగ్లిషు తేదీలు మాత్రమే తెలిసిన మోడల్‌కు ఆ రాత్రి టపాసుల పొగ ఏటా కొత్త వింతే. పంచాంగం చూసి ఒక కాలమ్ చేర్చితే దానికి డ్రిఫ్ట్ డిటెక్టర్ అక్కరలేదు.

ముందు జోస్యం చెప్పి, ఆ వెంటనే అసలు జవాబుతో నేర్చుకునే ప్రీక్వెన్షియల్ పరీక్ష మీకు ఎలాగూ ఎదురవుతుంది. గాలి విషయంలో గంటలో జవాబు తెలుస్తుంది కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. బ్యాంకు అప్పు మొండిబాకీ అవుతుందా అన్నది తేలడానికి నెలలు పడుతుంది. మీది అలాంటి డేటా అయితే ఆ ఆలస్యాన్ని కూడా పరీక్షలో పెట్టాలి, చాలామంది పెట్టరు.

సాఫ్ట్‌వేర్ పనిముట్లకు వెతుకులాట అక్కరలేదు. పైథాన్ వస్తే రివర్, జావా అయితే న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయంలో పుట్టిన మోవా, రెండూ ఉచితమే. సినాప్సిస్ రాసేలోపు గైడును రెండు అడగండి: ఎవరూ శుభ్రం చేయని ముడి ఫైళ్లు, వాటిని నమోదు చేసే మనిషి ఫోను నంబరు. రెండోది దొరకని డేటా అయితే వేరేది చూసుకోమనే చెబుతాను.