సరిహద్దు ఊళ్ల అసలు చిక్కు ఏమిటి? సిరొంచ నుంచి ఒక జవాబు

ప్రశ్న: "మన దేశంలాంటి చోట్ల పెద్ద ప్రాజెక్టుల కింద నలిగే ఊళ్లకు అసలు సమస్య పేదరికమా, రాజకీయమా, పర్యావరణమా?"

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి అమ్మేది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో. జిల్లా కేంద్రానికి పోవడం కంటే ప్రాణహిత బ్రిడ్జి దాటి తెలంగాణలోని మంచిర్యాల పోవడం మాకు సులువు. మీరడిగిన మూడూ మాకు ఒకే వానాకాలంలో వచ్చి పడతాయి, వేటికవి విడదీయడం నా వల్ల కాదు. నేను చూసినంతలో మాత్రం అన్నిటికంటే ముదురు చిక్కు ఒకటుంది. లాభం ఒక రాష్ట్రానికి, మునక ఇంకో రాష్ట్రానికి అయినప్పుడు, ఆ మునక ఎందుకొచ్చిందో రుజువు చేసే బరువు రైతు నెత్తిన పడుతుంది.

కాళేశ్వరం ఎత్తిపోతల కోసం తెలంగాణ మా దగ్గర గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ సంగతే తీసుకోండి. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు నీటిమట్టం 100 మీటర్లకు మించకూడదని ఒప్పందం చేసుకున్నాయి. 2019 జూన్ 21న ప్రారంభించారు, మా ముఖ్యమంత్రి ఫడ్నవీస్ కూడా వెళ్లారు. 85 గేట్లు, 16 టీఎంసీల పైచిలుకు నిల్వ, ఎత్తిపోతలన్నీ తెలంగాణ వైపు. ప్రాజెక్టు కింద మునుగుతుందని గీసిన మునక గీత లోపలి భూమికి లెక్కుంది, సేకరణ ఉంది, పరిహారం సరిపోలేదని ధర్నాలూ జరిగాయి. గీత బయట చేనున్నవాడి గోడు వేరు. గేట్లు దించితే నది నిండుగా నిలబడుతుంది. అందులో కలవాల్సిన ఒర్రెలకు, అంటే చిన్న వాగులకు, దారి ఉండదు. పైన వాన దంచితే ఆ నీళ్లు వెనక్కి తన్ని చేలల్లోకి వస్తాయి. పత్తి ఒకట్రెండు రోజులు నీళ్లలో ఉంటే ఎలాగో కోలుకుంటుంది, వారం నిలిచిందా వేరు కుళ్లిపోతుంది.

2022 జూలైలో ఇదే పెద్ద తగాదా అయింది. ఆ వరద మామూలుది కాదు, కింద భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంతకు మించి వచ్చింది 1986లోనే. బ్యారేజీ లేకున్నా ఆ ఏడాది మునిగేవాళ్లమేనంటే నేనూ కాదనను. అయితే ఎంత మేర మునిగేది, నీళ్లు ఎన్ని రోజులకు తీసేవి? ఆ లెక్క చెప్పే కొలబద్ద మా చేలల్లో ఎవరూ పాతలేదు.

నీళ్లు తీశాక మా బాబాయి చేనుకు వెళ్లాను. మొక్కలు నిలబడే ఉన్నాయి, కానీ ఆకుల మీద బురద ఎండి బూడిద రంగుకు తిరిగింది. ముట్టుకుంటే పటుక్కున విరిగాయి. ఒర్రె వైపు గట్టు ఆనవాలే లేదు, ఇసుక మేట. తలాఠీ (మా ఊరి రెవెన్యూ అధికారి) వచ్చి పంచనామా మరాఠీలో రాసుకున్నాడు, కారణం దగ్గర 'అతివృష్టి, వరద' అని. "బ్యారేజీ నీళ్లని కూడా రాయండి సార్" అన్నాడు బాబాయి. "అలా రాసే గడి ఇందులో లేదు" అన్నాడాయన. ఆయన్ని అనేదేముంది, ఫారమే అట్లాంటిది.

సాయం రాలేదని కాదు. మూడో వంతు పంట పోతే, వానాధార పంటకు అప్పటి కేంద్రం రేటు హెక్టారుకు 6,800 రూపాయలు. ఆ ఏడాది మహారాష్ట్ర దాన్ని రెట్టింపు చేసి, మూడు హెక్టార్ల దాకా 13,600 చొప్పున ఇచ్చింది. ఎకరానికి అయిదున్నర వేలన్నమాట. పత్తికి విత్తనం, మందులు, కూలీలు కలిపి ఎంతవుతుందో చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఆ డబ్బు సాత్‌బారాలో, అంటే మా భూమి రికార్డులో, పేరున్నవాడికే, కౌలుదారుకు చేయి చూపడమే.

బ్యారేజీ సంగతి తేల్చుకుందామని బాబాయిని వెంటబెట్టుకుని ఆఫీసులు తిరిగాను. ఇటువైపు వాళ్లు "ప్రాజెక్టు వాళ్లది, అక్కడ అడగండి" అన్నారు. అటువైపు వాళ్లు "మీ ప్రభుత్వం ద్వారా రండి" అన్నారు. అటు మాకు ఓటు లేదు కాబట్టి అక్కడి నాయకుడికి మాతో పని లేదు. ఇటు ఓటుంది, కానీ గేట్ల మీద అధికారం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిల్వ నీళ్లతో లాభపడ్డవాళ్లూ ఇటు ఉన్నారు, ఒడ్డున మోటార్లు పెట్టుకుని రెండో పంట తీశారు. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగి నిల్వ ఆపేశాక వాళ్ల మోటార్లు ఎండిపోయాయి, పల్లపు చేలవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఒకే ఊళ్లో రెండు మాటలు వినిపిస్తాయి, రెండూ నిజమే.

ఇప్పుడు పైన ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి బ్యారేజీ మాట మళ్లీ లేచింది. 2016లో 148 మీటర్లకు ఒప్పుకున్నారు, ఎత్తు పెంచే చర్చ ఆగలేదు. అక్కడి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పని మొదలుకాకముందే ఒర్రెలు కలిసేచోట వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఎన్నాళ్లకు తీస్తాయో తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. సర్వే నంబర్లతో గ్రామసభ తీర్మానంలో రాయించండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. కౌలుకు చేస్తుంటే చిన్న కాగితమైనా రాయించుకోండి. మా దగ్గర గేట్లు దించకముందు నది ఎట్లుండేదో చూపించడానికి బాబాయి దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేకపోయింది.