సమాధానం: అంటారియోలో పుట్టిన రికార్డు దొరకని ముత్తాత

మీ ఆయన వాళ్ల ముత్తాత 1901 కెనడా జనగణనలో పన్నెండేళ్ల పిల్లాడిగా, వేరే ఇంటిపేరున్న రైతు ఇంట్లో ఉన్నాడు, అక్కడి అంటారియో రాష్ట్రంలో పుట్టిన రికార్డు మాత్రం లేదన్నారు కదండీ. ఇక అక్కడ వెతకడం ఆపేయండి. నాకైతే ‘హోమ్ చిల్డ్రన్’లో ఒకడనిపిస్తోంది, 1869 నుంచి బ్రిటన్ సంస్థలు లక్షమందికి పైగా పేద పిల్లల్ని కెనడాకి, ఎక్కువగా పొలం పనులకీ ఇంటి పనులకీ పంపాయి, పాపం అందరూ అనాథలు కూడా కాదు. అదే జనగణన పేజీలో వలస వచ్చిన సంవత్సరం గడి చూసి, లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా (ఆ దేశపు జాతీయ రికార్డుల సంస్థ) సైట్‌లో ఆయన పేరు స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టండి, ఓడ పేరు దొరకొచ్చు.

తర్వాత కెనడాలోనే సస్కాచెవాన్ రాష్ట్రానికి వెళ్లాడన్నారుగా, హోమ్‌స్టెడ్ ఫైలు, అంటే సర్కారు సాగుకిచ్చిన భూమి కాగితాలు, తెప్పించుకోండి. 10 డాలర్ల ఫీజుకి 160 ఎకరాలు ఇచ్చేవాళ్లు, కానీ పట్టా చేతికి రావాలంటే ఏ ఏడు ఎన్ని ఎకరాలు దున్నాడో, పశువులెన్నో, ఇల్లు ఎంత చేస్తుందో రాసివ్వాలి. ఫైలు కోసం పేరొక్కటే కాకుండా ఆ భూమి సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు (మన సర్వే నంబర్ల లాంటివి) కూడా ఇస్తే పని తేలిక.