పరికరాల గదిలో తేమ గురించి మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

తిరుపతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పరికరాల గది బాధ్యత నీకు అప్పగించారనీ, మే నెల ఎండలకు ఏసీలు ఏమవుతాయోనని నువ్వు బెంగపడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎండ సంగతి అందరూ గమనిస్తారు. నువ్వు కనిపెట్టి ఉండవలసింది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే తేమను.

గది ఎంత చల్లగా ఉంటే అంత మేలని ఏసీని అడుగుకు దించే అలవాటు మన వాళ్లకు ఉంది. దాన్ని ముందు మాన్పించు. పరికరాలు పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలునని ఏసీ, శీతలీకరణ ఇంజినీర్ల సంస్థ ఆష్రే సిఫారసు. ముసురు రోజున బయటి గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే దాని తుషార స్థానం, అంటే అందులోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 26 డిగ్రీలు. ఆ గాలి తలుపు సందుల్లోంచో, కేబుళ్లు వచ్చే కన్నాల్లోంచో లోపలికి చేరి, 20 డిగ్రీలకు చల్లబడిన ఇనుప ర్యాకును తాకితే చన్నీళ్ల చెంబుకు పట్టినట్టు చెమట పడుతుంది. పరికరాల్లోని సర్క్యూట్ కార్డుల మీది దుమ్ము ఆ తడిని పీల్చుకుంటే కరెంటు పక్కదారి పడుతుంది, రాగి తుప్పు పడుతుంది. కనుక వానలకు ముందే ఆ కన్నాలన్నీ మూయించు.

అవసరానికి మించిన ఏసీ కూడా తేమను సరిగ్గా తీయదు. గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూ, లోపలి చల్లని గొట్టాల చుట్టకు (కాయిల్‌కు) అంటిన నీటిని మళ్లీ గదిలోకే ఆవిరిగా పంపుతుంది. అవసరం లేని యూనిట్లను ఆపి, మిగిలిన వాటిని ఎక్కువసేపు నడవనివ్వు. ఏసీ నీరు చేరే డ్రెయిన్ ట్రేలో ఒక మగ్గు నీళ్లు పోసి, బయట పైపులోంచి అవి ధారగా పడుతున్నాయో లేదో నీ కళ్లతో చూడు. లోపల పాచి పేరుకుంటే ఆ నీరు పొంగి కేబుల్ ట్రే మీదికే కారుతుంది. తేమ మీటరును ఏసీ ఎదురుగా కాక, ర్యాకు గాలి పీల్చుకునే వైపు పెట్టించు.

ఎండాకాలం గాలి మరీ పొడిబారితే స్థిర విద్యుత్తు భయం ఉంటుంది. చేతికి ఎర్తింగ్ పట్టీ లేనిదే కార్డు ముట్టుకోవద్దు. బ్యాటరీలను 25 డిగ్రీల దగ్గర ఉంచు. అంతకు పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

తిరుమల కొండ మీది గది కూడా నీ కిందికే వస్తే అక్కడ పద్ధతి వేరు. చలి, మంచు ఉన్న రోజుల్లో ఏసీ పెద్దగా నడవదు కాబట్టి తేమ అలాగే నిలిచిపోతుంది. గాలిలోని తేమను లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫయర్, విడిగా కావాలని ఇప్పుడే రాసి పంపు, మంజూరు అయ్యేసరికి ఎలాగూ వానలు వచ్చేస్తాయి.

ఇట్లు,
మీ మామయ్య