లారీ పంపే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

మున్సిపాలిటీలో వీధి వ్యాపారుల పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. "రోడ్డు ఖాళీ చేయించడమేగా" అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. బస్టాండు ముందున్న తోపుడు బండ్లన్నీ ఎత్తించి, వెనక వీధిలో ఖాళీ స్థలం చూపించాను. సున్నంతో గళ్లు గీయించి, కుళాయి కూడా పెట్టించాను. నెల తిరక్కుండా అందరూ మళ్లీ పాత చోటే. మొండితనం అనుకుని బండ్లు ఎత్తుకురమ్మని లారీ పంపాను. చివరికి ఒక పూలావిడ చెప్పింది: "అక్కడికి వచ్చేది మీరొక్కరే సారూ. మీరేమో పూలు కొనరు."

కాబట్టి ముందు వెళ్లి నిలబడు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి. ఒకే చోట పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు అమ్ముకుంటూ ఉంటారు. ఆఫీసు టైములోనే సర్వే చేస్తే సాయంత్రం వాళ్ల పేర్లు ఎక్కవు. రేపు వ్యాపారి గుర్తింపు కార్డు లేదని వాళ్లని లేపేది కూడా నువ్వే. గంపతో తిరిగే ఆడవాళ్లు మరీ తేలిగ్గా తప్పిపోతారు.

వీధి వ్యాపారుల కోసం వచ్చిన 2014 చట్టం బల్ల మీదే ఉంచుకో. సర్వే పూర్తయి, అమ్ముకోవడానికి అనుమతిచ్చే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి, సంతకం చేసిన కాపీ చేతికివ్వాలి. ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో వదిలేయాలి. నల్లబడిన అరటిపళ్లు వెనక్కిచ్చి సంతకం తీసుకోవడం నేను చూశాను. సిగ్గేసింది.

అలాగని నడిచేవాళ్లని మర్చిపోకు. చక్రాల కుర్చీ పట్టేంత దారి, ఆసుపత్రి గేటు, ఫైరింజను తిరిగే మలుపు, వీటి దగ్గర బేరం లేదు. కానీ టేపు పట్టి కొలువు. ఫుట్‌పాత్ సగం తినేసింది ఒక్కోసారి వెనకున్న షాపు మెట్లు, ముందు నిలిపిన బైకులు. బండివాడు కనిపిస్తాడు కాబట్టి తిట్లన్నీ వాడికే.

టౌన్ వెండింగ్ కమిటీ అని, వీధి వ్యాపారుల విషయాలు చూసేందుకు ఆ చట్టం కిందే ఏర్పడే కమిటీ ఉంటుంది. అందులో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. మీటింగు సాయంత్రం పెడితే బేరం పోతుందని ఎవరూ రారు, మధ్యాహ్నం పెట్టు. సంఘం నాయకుడి మాట విను, అదొక్కటే వినకు. చోట్లు అద్దెకిచ్చుకునేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. మీ సిబ్బంది రసీదు లేకుండా రూపాయి తీసుకున్నా ఆ రోజే అడుగు.

ఈసారి ఇంటికొచ్చేటప్పుడు మీ బస్టాండు స్కెచ్ తీసుకురా. ఏ బండి ఎక్కడుందో, ఏ టైముకి ఉందో రాసి.

మీ మావయ్య