దాహమేసిన శత్రువుకు ఏ మతం ఏం చెప్పింది?

"ఏ మతం శాంతిని బోధిస్తుంది, ఏ మతం యుద్ధాన్ని సమర్థిస్తుంది?" అని అడిగారు. మతాల్ని అలా రెండు కుప్పలుగా పోయడం నాకు చేతకాదు. ప్రతి మతంలోనూ కత్తి పట్టమన్న మాట ఉంది, దించమన్న మాటా ఉంది. నేను చూసేది ఒక్కటే. ఎదుటి పక్షంవాడికి దాహమేస్తే ఏం చేయమంది?

ఇలా చూడటం నాకు చిన్నప్పుడే అలవాటైంది. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో హిందూ ముస్లిం గొడవలు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు నాకు పదేళ్లు. దబీర్‌పురా దగ్గర అద్దెకుండేవాళ్లం. వీధి నల్లా దాకా వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. మూడో రోజుకు ఇంట్లో బిందెలన్నీ ఖాళీ. వెనక గోడకు అవతలి ఇంట్లో బోరింగ్ ఉండేది. చీకటి పడ్డాక ఆ ఇంటి ఖాలా (ముస్లిం ఇళ్లలో పిన్నినలా పిలుస్తారు) గోడ మీదుగా నిండు బిందె అందించింది. నాన్న చేతులు వణికి నీళ్లు చొక్కా మీద ఒలికాయి. నన్ను చూసి "డరో నక్కో బేటా", భయపడకు బిడ్డా, అంది. కర్ఫ్యూ సడలించేదాకా రోజూ రెండు బిందెలు వచ్చాయి. ఆ మొదటి రాత్రికే ఆమె కొడుకు ఇంటికి రాక రెండు రోజులైందని మాకు తర్వాత తెలిసింది. (క్షేమంగానే వచ్చాడు.)

ఆ రాత్రే నానమ్మ నాకు భీష్ముడి కథ చెప్పింది. పదో రోజు యుద్ధంలో అంపశయ్య మీద పడ్డ తాతకు దాహమైంది. రాజులు చల్లటి నీళ్ల కుండలు తెచ్చారు. ఆయన అవి వద్దని అర్జునుణ్ని పిలిచాడు. తనను పడగొట్టినవాడినే! అర్జునుడు నేలలోకి బాణం వేసి నీళ్లు పైకి తెప్పించాడు. అవి తాగాక భీష్ముడు దుర్యోధనుడితో, ఈ యుద్ధం నాతో ఆగిపోనీ, పాండవులతో సంధి చేసుకో అన్నాడు. దుర్యోధనుడు వినలేదు. తర్వాత రెండు పక్షాలూ మొదట ఒప్పుకున్న నియమాలన్నీ తప్పాయి. అభిమన్యుణ్ని చుట్టుముట్టి చంపారు, ద్రోణుడికి అబద్ధం చెప్పారు, చివరికి నిద్రపోతున్నవాళ్లనీ నరికారు. గీతలోంచి "యుద్ధం చెయ్యి" అన్న మాటొక్కటే ఫార్వర్డ్ చేసేవాళ్లు అంతకుముందు అయిదూళ్లిస్తే చాలని నడిచిన రాయబారాన్నీ, ఆ తర్వాత ఏడ్చిన తల్లుల్నీ వదిలేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఖురాన్‌కూ ఇదే జరుగుతుంది. మీతో పోరాడేవారితో పోరాడండి అన్న మాట వెంటనే హద్దు మీరకండి అని ఉంది (2:190). ఆ రెండో సగం చాలామంది చదవరు.

కర్బలా సంగతి నాకు చెప్పింది ఆ ఖాలాయే. హిజ్రీ 61, మన లెక్కలో 680. దారికి అడ్డం వచ్చిన యజీద్ సేనాని హుర్ సైన్యం దాహంతో ఉంటే ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్ ముందు వాళ్లకు, వాళ్ల గుర్రాలకు కూడా నీళ్లు పట్టించారట. కొద్ది రోజులకే ఖలీఫా యజీద్ సైన్యం ఫురాత్ (యూఫ్రటీస్) నది నీళ్లు అందకుండా ఆయన శిబిరంలో పసిపిల్లల్ని కూడా ఎండగట్టింది. పోరు మొదలయ్యే ఉదయం హుర్ హుస్సేన్ పక్షానికి వచ్చేసి ప్రాణమిచ్చాడు. అదే రోజు హుస్సేన్‌నూ చంపేశారు. ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతు ప్రతిసారీ పూడుకుపోయేది.

సిక్కుల్లో భాయీ కన్హయ్య కథ ఉంది. ఆనంద్‌పూర్ పోరులో గాయపడ్డ మొఘల్ సైనికులకూ నీళ్లు పోస్తున్నాడని గురు గోవింద్ సింగ్‌కు ఫిర్యాదు చేశారు. నాకు అందరిలోనూ మీ ముఖమే కనిపించింది అన్నాడు కన్హయ్య. గురువు కోప్పడకపోగా, గాయాలకు మందు కూడా రాయమని చేతికిచ్చారు. 1699లో ఖాల్సా అనే సిక్కు సంఘాన్ని స్థాపించి కత్తి పట్టించిన గురువే ఆయన.

బౌద్ధంలో గొడవే నీళ్ల కోసం. రోహిణీ నది నీళ్లకు శాక్యులు, కోలియులు అనే రెండు తెగలవాళ్లు కొట్టుకోబోతే, నీళ్లు విలువైనవా, మనుషుల రక్తమా అని బుద్ధుడు అడిగాడు. బైబిల్లో శత్రువు దప్పిగొంటే దాహమివ్వమని రోమా పత్రికలో సూటిగానే ఉంది. అయినా 1099లో జెరూసలేంలో క్రైస్తవ సైనికులైన క్రూసేడర్లు ఊచకోత కోశారు. 2017లో బౌద్ధులు ఎక్కువగా ఉన్న మయన్మార్ నుంచి లక్షల మంది రోహింగ్యా ముస్లింలు పారిపోవాల్సి వచ్చింది. గ్రంథంలో మంచి మాట ఉన్నంత మాత్రాన చేతులు ఆగవు. అందుకే ఏ మతం మంచిదని అడిగితే నేను మార్కులు వేయలేను.

ఇదంతా కళ్లతో చూడాలంటే మొహర్రం పదో రోజు, అంటే కర్బలాలో హుస్సేన్‌ను చంపిన రోజు, రండి. ఏనుగు మీద బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు వెళ్తుంది. ఆ దారిలో నీళ్లు, షర్బత్ పోసే సబీల్‌లు కనిపిస్తాయి. ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి బండి దూరంగా పెట్టి నడవండి. పదేళ్లుగా నేనూ ఒకదాంట్లో పోస్తున్నాను. ఖాలా ఇప్పుడు లేదు. ఆమె కొడుకు డ్రమ్ములో ఐసు వేస్తాడు, నేను గ్లాసులు నింపుతాను.