డార్విన్‌కు ముందు పుర్రెల బొమ్మలు గీసినవారికి పరిణామవాదంలో పాత్ర ఉందా?

ఉంది. అయితే బొమ్మలు చూసి పరిణామాన్ని కనిపెట్టేశారన్నంత తేలికైన కథ కాదు.

నాకీ విషయం మీద ఆసక్తి డిగ్రీ జువాలజీ రికార్డుతో మొదలైంది. కుందేలు పుర్రె బొమ్మను సీనియర్ రికార్డులోంచి దించేశాను. లెక్చరర్ గారు పై దవడ కొస చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అసలు పుర్రెను తెచ్చి నా చేతిలో పెట్టారు. ముందు పళ్లు నిలిచే ఎముకకూ దాని వెనక ఎముకకూ మధ్య అతుకు గీత ఉండాలి. సీనియర్ దాన్ని వదిలేశాడు కాబట్టి నా బొమ్మలోనూ లేదు.

ఆ ఎముక పేరు ప్రీమాక్సిల్లా. దాని మీద ఒకప్పుడు యూరప్‌లో పెద్ద వాదమే నడిచిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. కోతికి ఉన్న ఈ ఎముక మనిషికి లేదు కాబట్టి మనిషి వేరే కోవకు చెందినవాడని అప్పటి పేరున్న పండితులు కొందరు అనేవారు. 1784 మార్చిలో జర్మన్ కవి గోథే, యేనా పట్టణంలో పుర్రెలను పక్కపక్కన పెట్టి చూస్తూ, మనిషి అంగిలిలో ఆ అతుకు జాడ పట్టుకున్నాడు. (ఫ్రాన్స్‌లో విక్ దజీర్ అనే వైద్యుడు కూడా దాదాపు అప్పుడే ఈ మాట చెప్పాడు. కవి కాకపోవడం వల్లనో ఏమో, ఆయన్ని ఎవరూ తలుచుకోరు.) గోథే వైట్జ్ అనే చిత్రకారుడితో జంతువుల దవడలూ మనిషి దవడా గీయించి, డచ్ పండితుడు కాంపర్‌కు పంపాడు. మనిషి విషయంలో కాంపర్ ఒప్పుకోలేదు. గోథే కూడా మనిషి కోతి నుంచి వచ్చాడనలేదు. అన్నిటికీ మూలరూపం ఒకటే అన్నాడు, అంతే.

బొమ్మలు రెండో పక్షానికీ, అంటే జీవజాతులు మారవనేవారికీ, పనికొచ్చాయి. ఈజిప్టు నుంచి తెచ్చిన ఐబిస్ పక్షుల మమ్మీలను ఫ్రెంచ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త కువియే నేటి పక్షులతో ఎముక ఎముకగా పోల్చి, వేల ఏళ్లలో ఏ మార్పూ లేదని వాదించాడు. ఆ కాలం చాలా తక్కువ, అక్కడి వాతావరణమూ మారలేదు కదా అని, జీవులు కాలక్రమంలో మారతాయనే లామార్క్ జవాబు. నాకు లామార్క్ మాటే సబబుగా తోస్తుంది, కానీ ఆనాటి పాఠకుడి కంటికి ఆనింది మాత్రం కువియే చూపించిన ఎముకలే.

1830లో జంతువులన్నిటి నిర్మాణం ఒకటేనా అని, కాదనే కువియే, ఔననే మరో ఫ్రెంచ్ పండితుడు జొఫ్రువా పారిస్ సైన్స్ అకాడమీలో బహిరంగంగా తలపడ్డారు. ఆగస్టులో ఇంటికొచ్చిన మిత్రుడు సోరేతో 80 ఏళ్ల గోథే, అగ్నిపర్వతం పేలిందంటూ ఉత్సాహపడ్డాడట. సోరే అది అప్పుడే జరిగిన పారిస్ విప్లవం గురించనుకున్నాడు. ముసలాయన అన్నది మాత్రం ఈ వాదం గురించి. వైట్జ్ గీసిన దవడల బొమ్మలు ఆ మరుసటి ఏడాది, 1831లో అచ్చయ్యాయి. గీసిన దాదాపు 47 ఏళ్లకు.