బిస్కెట్లు కాదు నాయనా, దారి ఖర్చులు చూడండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది చిత్రకొండ. దసరా చందాల్లో మిగిలిన 18 వేలు బలిమెల జలాశయం అవతల ఊళ్ళున్న స్వాభిమాన్ అంచల్ ప్రాంతం పిల్లలకు ఖర్చుపెడదామని మా కుర్రాళ్ళం అనుకున్నాం. బిస్కెట్లు, పాత బట్టలు పంచమంటారా?
– ఒక పాఠకుడు, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా

జవాబు: నాయనా, ముందు అక్కడి అంగన్‌వాడీ దీదీని కలవండి. ఆవిడ దగ్గర జబ్బ కొలిచే టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటి ఐదేళ్ళ లోపున్న బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు చూపిస్తుంది. అలాంటి బిడ్డకు జబ్బు చేసినా, తిండి సయించకపోయినా ఎన్‌ఆర్‌సీలో, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. తల్లి మాత్రం కదలదు. ఎందుకు కదలదో ఏఎన్‌ఎంగా ఉన్నన్నాళ్ళూ చూశాను. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు, కోతకొచ్చిన చోడి చేను. ఎన్‌ఆర్‌సీలో మందూ తిండీ ఉచితమే. దారి ఖర్చు, ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకునే మనిషి, ఈ రెండే కరువు. మీ 18 వేలు అక్కడ పెట్టండి.

2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా ఆ 151 ఊళ్ళకు లాంచీయే దిక్కు. టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బలిమెల జలాశయం దాటేదాన్ని. ఇప్పుడు మీకు రోడ్డుంది.

2016 నాకింకా నిద్రలో గుర్తొస్తుంది. ఆ ఏడు మన జిల్లాలో వందమంది దాకా పిల్లలు పోయారు. కొందరికి జపనీస్ మెదడువాపు. కసింద గింజల విషం కూడా కారణమని పరిశోధించిన వైద్యులు చెప్పారు. ఒడియావాళ్ళు బణ చకుండా అంటారే, అదే. అర్ధాకలి పిల్లలు ఆ గింజలు వలుచుకు తింటే కాలేయం, మెదడు దెబ్బతింటాయి. ఒక తల్లి కొంగుముడి విప్పి నాకు ఆ కాయలే చూపించింది, ‘పొద్దున ఇవి తిన్నాడమ్మా’ అని. బిడ్డ అప్పటికే కళ్ళు తెరవడం లేదు.

ఇప్పుడు ఆ కాయలు ముదిరే రోజులు. ఊరివాళ్ళను కలుపుకుని ఇళ్ళ చుట్టూ ఉన్న కసింద మొక్కలు పీకి తగలెయ్యండి. దానికి రూపాయి అక్కర్లేదు.

ఇంకో మాట. బాడుగ జీపులోనే వెళ్ళండి, పార్టీలదైనా పోలీసులదైనా ఏ పక్షం బండీ ఎక్కొద్దు. ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నావని రేపు నిలదీసేది ఆ తల్లినే. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు తియ్యకండి.

బట్టల్లో స్వెటర్లు, దుప్పట్లు ఉంటే అవి మాత్రం పట్టుకెళ్ళండి. డిసెంబరులో కొండమీద చలి మీకు తెలియంది కాదు.